మీసం ఉంచుకుని చీర కట్టేవాళ్ళకి కట్టు ఎక్కడ నిలవాలి?

పన్నా48: విశాఖలో మీసం, గడ్డం తీయకుండా చీర కట్టే మగవాళ్ళు ముందు అడిగేది, ఎందుకు జారుతోందనే. నడుముకీ పిరుదులకీ ఉండే తేడా మగవాళ్ళకి తక్కువ. లంగా బొందు ఆగేదే ఆ తేడా మీద. శాటిన్ లంగా వద్దు, నూలుది కుట్టించండి. సన్న బొందు బదులు అంగుళమున్నర పట్టీ వేయించి బొడ్డు దగ్గర బిగించండి.

గంజిచీర: బొడ్డు దగ్గరా? 5 అడుగుల 10 అంగుళాల మనిషికి అక్కణ్ణుంచి నేలకి సుమారు 42 అంగుళాలు. చీర పన్నా, అంటే వెడల్పు, 45. దోపడానికి మిగిలేది 3. రెండడుగులేస్తే కుచ్చిళ్ళు చేతికొస్తాయి. కిందికి కట్టాలి.

పన్నా48: కిందికి కడితే తుంటి మీంచి జారుతుందండీ. పన్నా 48 ఉన్న చీర ఏరుకోండి, లేదా అంచు చీలమండ పైకి ఉంచండి. కుచ్చిళ్ళు 7 వద్దు, 5 చాలు. ఛాతీకీ భుజానికీ గుడ్డ ఎక్కువ పడుతుంది, 5.5 మీటర్లలో అది కుచ్చిళ్ళలోంచే రావాలి.

బీచ్‌రోడ్డు: జార్జెట్ మాత్రం వద్దు, మన ఉక్కపోతకి తొడలకి అంటుకుపోతుంది. సముద్రపు గాలికి పైట ఒక్క మడతకే పిన్నీసు పెడితే చిరుగుతుంది. మడతలన్నీ కలిపి గుచ్చండి.

పెదవాల్తేరు: ఇందులో కొత్తేముంది? ఆడవేషాలతో పేరు తెచ్చుకున్న స్థానం నరసింహారావు గారికి 1956లోనే పద్మశ్రీ వచ్చింది. కూచిపూడిలో సత్యభామ అంటే వేదాంతం సత్యనారాయణ శర్మ గారే.

గంజిచీర: చూసేవాళ్ళకి ఆడమనిషే కనబడాలని వాళ్ళు నడకా చూపూ సాధన చేశారు. మీసంతో జడ వేసుకోలేదు. వాళ్ళని వీళ్ళకి అడ్డం పెట్టకండి.

పన్నా48: అంటే ఇంతసేపూ మీకు అడ్డొచ్చింది 3 అంగుళాలు కాదు, మీసం.

గంజిచీర: అవును, మీసమే. వేషమైతే పూర్తిగా వెయ్యాలి.

పన్నా48: వేషమని ఎవరన్నారు? పంచె లాగే చీరా కుట్టని గుడ్డే. ప్యాంటు వేసుకున్న ఆడపిల్లని మీసం పెట్టుకోమన్నామా? స్టేజీ మీదైతే చప్పట్లు కొడతారు, బయటైతే జాకెట్టు కొలతలు తీసుకోడానికే దర్జీలు ఒప్పుకోరు.

గంజిచీర: ఎలా ఒప్పుకుంటారు? ఆడవాళ్ళ కటింగు మగ వీపుకి చాలదు. చెయ్యెత్తగానే చంక వెనక కుట్టు పగులుతుంది, మాట దర్జీకొస్తుంది.

పన్నా48: అందుకే చొక్కాలు కుట్టేవాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. వీపు అడ్డం కొలిపించి, ఛాతీ దగ్గర ఆకారం కోసం వేసే మడత కుట్లు, అదే డార్టులు, లేకుండా చేయించి, చంకలో చదరపు ముక్క వేయించండి.

బీచ్‌రోడ్డు: ముక్క నిలువుగానా, క్రాస్‌గానా?

పన్నా48: క్రాస్‌గా. 3 అంగుళాల చదరం చాలు. నిలువుగా వేస్తే సాగదు.