అప్‌డేట్: మండువా తీసెయ్యలేదు, మార్చాను

పోయిన నెల అడిగాను కదా, ఆర్కిటెక్చర్ థర్డ్ ఇయర్ హౌసింగ్ స్టూడియోలో (ఇళ్ల డిజైన్ ప్రాజెక్టులో) రెండు సెంట్ల ఇంట్లో మండువా (ఇంటి మధ్యలో పైకప్పు లేని ఖాళీ జాగా) పెడితే జ్యూరీలో, అంటే డిజైన్ చూసి తప్పొప్పులు చెప్పే టీచర్ల ముందు, స్థలం వేస్ట్ అన్నారు, తీసెయ్యాలా అని. తీసెయ్యలేదండి.

మీలో ఒకరు ఇండోర్‌లో ఆర్కిటెక్ట్ బి.వి. దోషి గారు డిజైన్ చేసిన తక్కువ ఖర్చు ఇళ్ల కాలనీ అరణ్య చూడమన్నారు, అది చదివాకే నా తప్పు తెలిసింది. అక్కడ చాలామందికి ఇచ్చింది ప్లాటు, పునాది, టాయిలెట్ ఉన్న చిన్న కోర్ (ఇంటికి మొదటి ముక్క) అంతే, మిగతాది జనం డబ్బులు చేతికొచ్చినప్పుడల్లా కట్టుకుంటూ పోయారు, నేనేమో మొదటిరోజే మొత్తం ఇల్లు గీసేసి అందులో మండువా ఇరికించా. ఇప్పుడు నాలుగిళ్లకి కలిపి ఒకటే మండువా, వంటగదులన్నీ దానివైపే, వాన నీళ్లు అక్కణ్ణుంచే ఇంకుడు గుంతలోకి.

పడమటి గోడకి రాట్ ట్రాప్ బాండ్ అనే ఇటుకల కట్టుబడి పెట్టా, ఆర్కిటెక్ట్ లారీ బేకర్ గారు కేరళలో బాగా వాడిన పద్ధతి. ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి మధ్యలో ఖాళీ వదుల్తారు, ఇటుకలు దాదాపు 25% మిగుల్తాయి, బెజవాడ ఎండకి లోపలున్న ఆ గాలే అడ్డం. ఇది మాత్రం జ్యూరీకి బాగా నచ్చింది!

కానీ నాలుగిళ్ల మండువా ఎవరు ఊడుస్తారు, తలుపేసుకోవాలంటే ఎలా అని ఒక మేడమ్ అడిగారు, జవాబు చెప్పలేకపోయా. ఈ వారం అంతా దానిమీదే పని.