స్కూల్ మ్యూజికల్ ఆడిషన్‌కి తెలుగు పాట పాడితే తప్పా?

నల్లగండ్ల అమ్మ:
మా అమ్మాయి ఏడో తరగతి. ఈసారి వార్షికోత్సవానికి స్కూల్లో ఇంగ్లిష్ మ్యూజికల్, అంటే పాటలతో కథ నడిచే నాటకం, వేస్తున్నారు. వచ్చే శనివారం ఆడిషన్. నోటీసులో ఉన్నది ఇంతే: నచ్చిన పాట ఒక నిమిషం పాడాలి, తర్వాత అక్కడ ఇచ్చిన డైలాగు చదవాలి. పిల్ల నాలుగేళ్ళుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. ఇంగ్లిష్ పాటలు బాత్‌రూమ్‌లో తప్ప ఎక్కడా పాడదు. మా అత్తగారేమో "వచ్చింది పాడనీ, రానిదాని వెంట ఎందుకు పడటం" అంటారు. మావారేమో "ఇంగ్లిష్ నాటకానికి పోయి తెలుగు పాట పాడితే మొదటి రౌండ్‌లోనే పంపించేస్తారు" అంటారు. ఇద్దరి మధ్యా పిల్లకి టెన్షన్‌తో అన్నం సహించట్లేదు. మీ పిల్లల్ని పంపినవాళ్ళుంటే కాస్త చెప్పండి.

కొండాపూర్ నాన్న:
మీవారి మాటే నా మాటండీ. మావాడు పోయినేడు ఎనిమిదిలో ఉండగా ఇలాంటిదానికే వెళ్ళాడు. బాగా వచ్చిన తెలుగు సినిమా పాట ఎంచుకున్నాడు. ఫోన్‌లో కరావోకే ట్రాక్ పెట్టారు. పల్లవికి ముందు వచ్చే మ్యూజిక్కే ఇరవై అయిదు సెకన్లు! వీడు చేతులు కట్టుకుని గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. రెండో లైనుకొచ్చాడో లేదో "థాంక్యూ, నెక్స్ట్" అన్నారు. చివరికి కోరస్‌లో వెనక వరసలో చెట్టు వేషం. పెద్ద వేషాలన్నీ ఇంగ్లిష్ పాట పాడినవాళ్ళకే. షో ఇంగ్లిష్‌లో వేసేటప్పుడు వాళ్ళు వెతికేది ఆ ఉచ్చారణ, ఆ బాణీ. ఇడ్లీల పోటీకి పులిహోర పట్టుకెళ్తే ఎంత రుచిగా ఉన్నా ప్రైజు రాదు కదా.

తెర వెనక:
పదకొండేళ్ళుగా స్కూలు పిల్లలతో నాటకాలు వేయిస్తున్నాను. ఆడిషన్లో బల్లకి అటుపక్క కూర్చునేదాన్ని. కొండాపూర్ నాన్న గారూ, మీ బాబుని ముంచింది తెలుగు కాదండీ, ఆ ఇరవై అయిదు సెకన్లు.

మ్యూజికల్స్ వాళ్ళు ఆడిషన్‌కి మామూలుగా "పదహారు బార్లు" పాడమంటారు. బార్ అంటే కొన్ని బీట్ల చిన్న ముక్క. బార్‌కి నాలుగు బీట్ల చొప్పున అరవై నాలుగు బీట్లు. నిమిషానికి వంద బీట్ల వేగంలో లెక్కేస్తే నలభై సెకన్లు కూడా నిండవు. అంత తక్కువలో ఏం తెలుస్తుంది అంటారు. తెలుస్తుందండీ. తలుపు తీసుకుని వచ్చి పేరు చెప్పేటప్పుడే సగం తెలిసిపోతుంది. తర్వాత చూసేది, మాట చివరి వరసకి వినపడుతోందా, శ్రుతిలో ఉందా, ఏం పాడుతోందో ఆ ముఖానికి తెలుసా అని. ఒక్కోసారి "ఇదే లైను మీ అక్క మీద కోపంగా ఉన్నట్టు పాడు" అంటాం. బాగా పాడమని కాదు, చెప్పింది పట్టుకుని మార్చుకోగలదా లేదా చూడటానికి. కాబట్టి పల్లవి మొదటి నుంచి మొదలుపెట్టి ఎంతవరకు వస్తే అంతవరకు కాకుండా, పాటలో మనసు ఎక్కడ మలుపు తిరుగుతుందో ఆ ముక్క కోసుకోవాలి.

అయినా నా ఓటు సగం మీవారికే, నల్లగండ్ల అమ్మ గారూ. భాష గురించి కాదు, అలవాట్ల గురించి. పోయినసారి ఒక అమ్మాయి కీర్తన పాడింది. శ్రుతి తంబూరాలా నిలబడింది. కానీ కళ్ళు మూసుకుని, తొడ మీద తాళం వేసుకుంటూ పాడింది. ఎవరితో మాట్లాడుతోందో మాకు అర్థం కాలేదు.

హార్మోనియం బాబాయ్:
అమ్మా, లింగంపల్లిలో సురభి కాలనీ మీ నల్లగండ్లకి పక్కనే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన నాటక సమాజం వాళ్ళది. ఇంటిల్లిపాదీ నటులే. అడుగులు వేయడం రాగానే పిల్లలు స్టేజీ ఎక్కేస్తారు. పబ్లిక్ గార్డెన్స్‌లో లలిత కళాతోరణం దగ్గర వాళ్ళ నాటకాలు చూసినవాళ్ళకి తెలుస్తుంది, పాటతో కథ నడపడం మనకి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదని. మ్యూజికల్ అని ఇంగ్లిష్‌లో పేరు పెడితే మనది కాకుండా పోతుందా? ఒక మంచి పద్యం పాడించండి. గొంతు, ఊపిరి, ఉచ్చారణ మూడూ ఒక్క పద్యంలో తేలిపోతాయి.

తెర వెనక:
బాబాయ్ గారూ, సురభి అంటే నాకూ ప్రాణమే. కానీ పద్య నాటకంలో ఏం జరుగుతుందో మీకు నేను చెప్పాలా? నటుడు పద్యం ముగించి రాగం అందుకుంటాడు, జనం వన్స్‌మోర్ అంటారు, కథ అక్కడే ఆగుతుంది. ఆగాలి కూడా, అందుకే టికెట్ కొన్నారు. మ్యూజికల్‌లో అలా కుదరదు. పాట మొదలైనప్పుడు పాత్ర ఒకచోట ఉంటే, అయ్యేసరికి ఇంకోచోట ఉండాలి. ఏదో ఒక నిర్ణయం తీసుకునో, ఎవరినో ఒప్పించో, కనీసం ఏడుపు ఆపుకునో. మా బల్ల ముందు పిల్ల రాగం తీస్తుంటే అది పోటీ పాట అవుతుంది, పాత్ర కాదు.

హార్మోనియం బాబాయ్:
సగం ఒప్పుకుంటాను. రాగం తీసేది పద్యం చివర. అంతదాకా మాటదే రాజ్యం. మైకులు లేని రోజుల్లో చివరి వరసకి అందాలంటే పదం ఎక్కడ విరవాలో, ఏ అక్షరం మీద ఒత్తాలో తెలియాలి. నువ్వు అడుగుతున్నదీ అదే కదమ్మా? రాగం కోసెయ్యమను, పద్యం ఉంచమను.

తొమ్మిది బి:
ఆంటీ, నేను పోయినేడు మా స్కూల్ మ్యూజికల్‌లో చేశాను. అందరూ పాట గురించే చెప్తున్నారు కానీ అసలు భయం డైలాగ్‌తో. కాగితం చేతికిచ్చి రెండు నిమిషాలు చూసుకోమంటారు. ఎవరూ ప్రాక్టీస్ చేయరు. నేను రోజూ రాత్రి మా తమ్ముడికి ఏదో ఒక కథ పైకి చదివేదాన్ని, ఒక్కో మనిషికి ఒక్కో గొంతు పెట్టి. అదే పనికొచ్చింది.

ఇంకోటి, కీ, అంటే పాట ఏ శ్రుతిలో ఉందో చూసుకోండి. నేనూ కర్ణాటక సంగీతమే, నా శ్రుతి ఐదు, అంటే జి. అక్కడ గురువుగారు మన గొంతుకి తగ్గట్టు శ్రుతి పెడతారు. ఇక్కడ ట్రాక్ ఏ కీలో ఉంటే మనం అందులోకి వెళ్ళాలి. సాయంత్రం ఇంట్లో ఆ పై స్వరం ఈజీగా అందింది. ఆడిషన్ రోజు పొద్దున ఎనిమిదిన్నరకి అందలేదు, గొంతు కీచుమంది. అప్పటికి నేను నిద్ర లేచి గంట కూడా కాలేదు. ఆ రోజు తొందరగా లేపి, ఓ పావుగంట నోరు మూసుకుని హమ్మింగ్ చేయించండి. అప్పుడు అంత ఇబ్బంది ఉండదు.

కొండాపూర్ నాన్న:
ట్రాక్ సంగతి ఒప్పుకుంటున్నాను, తప్పు మాదే. కానీ భాష దగ్గర నా మాట మారదు. ఇంగ్లిష్‌లో పాడితే ఎలా ఉంటుందో వినకుండా ఇంగ్లిష్ వేషం ఎలా ఇస్తారు? అందుకే ఈసారి మావాణ్ణి మూడు వారాల ఆడిషన్ కోచింగ్‌లో చేర్పించాను. పాట, ఉచ్చారణ, అభినయం అన్నీ చెప్తారు.

తెర వెనక:
అయ్యో. పోయినేడు ఒకే కోచింగ్ నుంచి ఆరుగురు వచ్చారండీ మా దగ్గరికి. ఆరు వేరు వేరు పాటలు. ఆరుగురూ "డ్రీమ్" అన్న మాట దగ్గర కుడిచెయ్యి గుండెల మీద పెట్టుకుని, తర్వాత మెల్లగా ముందుకి చాపారు. నాలుగోవాడు మొదలుపెట్టేసరికి మేం ఆ చెయ్యి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నాం. నవ్వు ఆపుకోలేక నేను నీళ్ళ బాటిల్ తీసుకున్నాను. డబ్బు పెట్టాలనుకుంటే మామూలుగా పాట నేర్పేవాళ్ళకి పెట్టండి, అది ఆడిషన్ అయిపోయినా మిగులుతుంది.

ఉచ్చారణ అంటారా, డైలాగు ఇంగ్లిష్‌లోనే చదివిస్తాం కాబట్టి అక్కడ వింటాం.

నల్లగండ్ల అమ్మ:
అందరికీ థాంక్సండీ. ఇన్ని రోజులు ఇంట్లో కొట్టుకున్నాం గానీ స్కూలుకి ఫోన్ చేసి అడగాలని ఒక్కరికీ తట్టలేదు. నిన్న అడిగాను. డ్రామా మేడమ్ "ఏ భాషైనా సరే, ట్రాక్ మాత్రం వద్దు, కావాలంటే శ్రుతి పెట్టుకోండి" అన్నారు.

పద్యం ప్రయత్నించాం బాబాయ్ గారూ, కానీ రాగం తీయొద్దంటే మా అమ్మాయి వల్ల కాలేదు, దానంతట అదే వచ్చేస్తోంది. చివరికి మా అత్తగారు పాడే లాలిపాట తీసుకుంది. ఎదురుగా కుర్చీలో దిండు పెట్టి, దానికి చెప్తున్నట్టు పాడుతోంది. మొదట్లో బుజ్జగిస్తుంది, దిండు నిద్రపోనంటుంది, చివరికి విసుగొచ్చి బతిమాలుతుంది. మొత్తం నలభై ఎనిమిది సెకన్లు. తాళం వేయకుండా చేతిలో చున్నీ కొస పట్టించాం. మా అత్తగారికి మాత్రం కోపంగానే ఉంది, పాటలో సంగతులన్నీ, అంటే ఒకే లైనుని మార్చి మార్చి పాడేవన్నీ, కత్తిరించేశారని.

కొండాపూర్ నాన్న:
బాగుంది. అయినా ఒక ఇంగ్లిష్ పాట కూడా సిద్ధంగా పెట్టుకోండి. "ఇంకోటి ఏమైనా వచ్చా?" అంటే బిక్కమొహం వేయకూడదు.

తెర వెనక:
ఈ ఒక్కదానికి నా ఓటు మీకేనండీ. నిజంగానే అడుగుతాం.

నల్లగండ్ల అమ్మ:
మావారూ అదే అంటున్నారు. అందుకే ఇవాళ్టి నుంచి బాత్‌రూమ్ తలుపు తీసి పాడిస్తున్నాం.