నాన్నతో కుద్రేముఖ్ రోడ్ ట్రిప్: పాత మైనింగ్ టౌన్‌షిప్ చూడనిస్తారా?

అందరికీ నమస్కారం. అక్టోబర్‌లో అమ్మానాన్నలతో బెంగళూరు నుంచి కారులో శృంగేరి, హొరనాడు వెళ్తున్నాం. అక్కడి నుంచి కళస, కుద్రేముఖ్ మీదుగా కార్కళకి దిగాలని ప్లాన్.

నాన్న సింగరేణిలో పనిచేసి రిటైరయ్యారు. సుప్రీంకోర్టు తీర్పుతో 2005 చివర్లో ఇనుప ఖనిజం తవ్వకం ఆగిపోయి, జనం ఖాళీ చేసి వెళ్లిపోయిన ఆ టౌన్‌షిప్ చూడాలని ఆయనకి ఎంతో కోరిక. క్వార్టర్స్ జీవితం తెలిసిన మనిషి కదా.

ఈమధ్య వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి: టౌన్‌షిప్ వీధుల్లోకి వెళ్లనిస్తున్నారా, లేక మెయిన్ రోడ్డు మీద నుంచే చూడాలా? గని వ్యర్థాలు నిలపడానికి అక్కడ కట్టిన లఖ్యా డ్యామ్‌కి అనుమతి కావాలంటే ఎవరిని అడగాలి? ఆ ప్రాంతమంతా నేషనల్ పార్క్ కాబట్టి రూల్స్ తప్పే ఉద్దేశం లేదు. చెక్‌పోస్టులో టైం రాసిచ్చి, ఆలోపు దాటమంటారని విన్నాను. మధ్యలో కాసేపు ఆపుకోవడానికి చోటుందా? అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఘాట్‌లో కళ్లు తిరుగుతాయి, నాకు ఆ టెన్షనే ఎక్కువ.

పెట్రోల్ కళసలోనే నింపుకోవాలా? అక్టోబర్‌లో వానలు, పొగమంచు ఎలా ఉంటాయి? భద్ర పుట్టే గంగామూల కూడా ఆ అడవిలోనే ఉంది. మన తుంగభద్ర నీళ్లు మొదలయ్యే చోటు దూరం నుంచైనా అమ్మకి చూపించాలనుంది, వీలవుతుందంటారా?