నానమ్మ ఉత్తరాలు, ఫొటోలు, గొంతు: ఎలా దాచాలి?

ప్రశ్న: నానమ్మ ఉత్తరాలు, పాత ఆల్బమ్, ఫోన్‌లో ఆవిడ వాయిస్ మెసేజ్‌లు ఉన్నాయి. మనవలందరికీ అందాలి. ఫొటోలు జిగురు పేజీలకు అతుక్కుపోయాయి. ఉత్తరాలు లామినేట్ చేయించొచ్చా?

జవాబు 1: లామినేషన్ వద్దే వద్దండీ. వేడికి కాగితం దెబ్బతింటుంది, తర్వాత విడదీయలేరు. మడతలు విప్పి, పిన్నులు తీసేసి (తుప్పు మరక పోదు), యాసిడ్ లేని కాగితపు కవర్లలో పెట్టండి. ఫొటోలను గోటితో లాగకండి. డెంటల్ ఫ్లాస్‌ను (పళ్ల సందులు శుభ్రం చేసుకునే సన్నటి దారం) ఒక మూల నుంచి ఫొటో వెనక్కి దూర్చి, రంపంలా అటూ ఇటూ మెల్లగా ఆడించండి. ఎక్కడైనా పట్టేస్తే ఆపేసి, పేజీతో సహా స్కాన్ చేయండి.

జవాబు 2: స్కాన్ 600 డీపీఐలో (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క, ఎక్కువైతే వివరం ఎక్కువ), మరీ చిన్న ఫొటోలైతే 1200లో. అసలు కాపీని టిఫ్‌గా (నాణ్యత తగ్గని పెద్ద ఫైలు) దాచి, పంచడానికి జేపెగ్ (చిన్న ఫైలు) చేసుకోండి. వెనకవైపూ స్కాన్ చేయండి, ఆవిడ చేతిరాత అక్కడే దొరకొచ్చు. ఫొటో వెనక పేర్లు రాస్తే మెత్తటి పెన్సిల్‌తోనే రాయండి. బాల్‌పెన్ నొక్కు ముందువైపు తేలుతుంది.

జవాబు 3: అన్నిటికంటే ముందు గొంతు! ఫోన్ పాడైతే అంతే సంగతులు. వాట్సాప్‌లో చాట్‌ను మీడియాతో సహా ఎక్స్‌పోర్ట్ చేయండి. వచ్చే ఓపస్ ఫైళ్లను (వాట్సాప్ వాయిస్ మెసేజ్‌ల ఫైలు రకం) అలాగే ఉంచి, ఎంపీ3 కాపీలు విడిగా తీయండి. ఫైలు పేరులో తేదీ, ఆవిడ ఏం చెబుతున్నారో రాయండి. మూడు కాపీలు ఉండాలి, ఒకటి వేరే ఇంట్లో. ఫొటోల్లో ఎవరెవరో గుర్తుపట్టే పెద్దవాళ్లను మాత్రం ఈ వారమే కూర్చోబెట్టి అడగండి.