గన్నేరు కొట్టేయాలా, కుక్కపిల్లను కట్టేయాలా?

బుజ్జిగాడి_అన్న: మాది రాజమండ్రి. నాలుగు నెలల ల్యాబ్రడార్ పిల్ల ఉంది. పళ్లు మారే వయసు, కనిపించిందల్లా కొరుకుతోంది. పెరట్లో ఇరవై ఏళ్ల తెల్ల గన్నేరు ఉంది. నాన్న రోజూ ఆ పూలతోనే శివుడికి పూజ చేస్తారు. విషం, కొట్టేద్దాం అంటే "కుక్కను కట్టేయ్" అంటున్నారు. మీరేమంటారు?

పెరటి_పెద్దాయన: కొట్టక్కర్లేదు. హైవే డివైడర్ల మీద గన్నేరే ఎందుకు వేస్తారు? నీళ్లు తక్కువైనా బతుకుతుంది, పశువులు నోరు పెట్టవు. అంత చేదు. మా వీధి కుక్కలు నాలుగు దాని కిందే పడుకుంటాయి. ఒక్కటీ చావలేదు.

మిద్దె_మల్లి: వీధి కుక్క వేరు, పళ్లొచ్చే పిల్ల వేరండీ. ఇది రుచి కోసం కొరకదు, చిగుళ్ల సలుపుకి కొరుకుతుంది. గన్నేరులో ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నీ విషమే. గుండె లయ తప్పిస్తుంది. ఎండి రాలిన ఆకులోనూ విషం అలాగే ఉంటుంది. చెట్టు ఉంచితే రోజూ ఊడ్చేది ఎవరు?

కోనసీమ_కుర్రాడు: తెల్లది పర్లేదు, పచ్చ గన్నేరే డేంజర్ అంటారు కదా?

మిద్దె_మల్లి: రెండూ ప్రాణం తీసేవే.

చిట్టి_తల్లి: గన్నేరు గొడవ తర్వాత. కుండీల్లో ఎరువుగా ఆముదం పిండి వేస్తున్నారా? ముందు అది చెప్పండి. దాని వాసనకి కుక్కలు ఎగబడతాయి. మా టామీ గులాబీ కుండీలు తవ్వి తినేసింది. ఆ రోజు బాగానే ఆడుకుంది. మర్నాడు వాంతులు, రక్త విరేచనాలు. మూడో రోజుకి లేదు. అమ్మినతను "ఆర్గానిక్ అమ్మా, ఏం కాదు" అన్నాడు. ఆముదం గింజలో ఉన్న విషం నూనె తీశాక పిండిలోనే మిగులుతుందని నాకు డాక్టర్ చెప్పేదాకా తెలియదు.

కోనసీమ_కుర్రాడు: ఏదైనా తింటే ఉప్పునీళ్లు పట్టిస్తే కక్కేస్తుంది. మా తాత అదే చేసేవాడు.

మిద్దె_మల్లి: బాబూ, ఆ పని చేయకు. ఆ ఉప్పే ప్రాణం మీదకి తెస్తుంది. తిన్న ఆకు ఒకటి చేతిలో పట్టుకుని వెంటనే పశువుల డాక్టర్ దగ్గరికి పరిగెత్తడమే. వాంతి అయ్యేదాకా చూద్దాం అనుకోవద్దు.

పెరటి_పెద్దాయన: ఈ లెక్కన మనీ ప్లాంట్ తీసేయండి, కలబంద తీసేయండి, ఉమ్మెత్త తీసేయండి. సిమెంటు చేసేయండి, పీడా పోతుంది.

మిద్దె_మల్లి: సిమెంటు చేస్తే మే నెలలో కాళ్లు కాలతాయి. ఉమ్మెత్త మాత్రం తీసేయాల్సిందే. అయినా కుక్క సంగతి మాట్లాడుతుంటే మీకు కోపం ఎందుకండీ?

పెరటి_పెద్దాయన: ఎందుకా? మావాడూ ఇలాగే ఓ కుక్కను తెచ్చి నా దగ్గర వదిలేసి బెంగళూరు పోయాడు. మా ఆవిడ వేసిన మల్లె పందిరి మొదలంటా తవ్వేసింది. ఆవిడ పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఫోన్ చేసి చెబితే "మొక్కే కదా నాన్నా" అన్నాడు. ఎత్తిపోసేది నేను, పిడుదులు ఏరేది నేను, తీర్పులు మాత్రం వాడివి. ప్రశ్న వేసినాయన చెప్పాలి. ఆ పెరట్లో రోజూ ఉండేది మీరా, మీ నాన్నగారా?

మిద్దె_మల్లి: అయ్యో, ఆ సంగతి తెలియక అన్నాను. కానీ అది మీ అబ్బాయి తప్పు, పిల్లది కాదు.

పెరటి_పెద్దాయన: పిల్లది అని నేనెప్పుడన్నాను? ఇప్పుడూ నా మంచం కిందే పడుకుంది.

బుజ్జిగాడి_అన్న: నేను హైదరాబాద్‌లో ఉంటాను. సోమవారం వెళ్లిపోతున్నా. పిల్లను చూసేది నాన్నే. ఈ మాట మొదటే రాయాల్సింది.

కోనసీమ_కుర్రాడు: దొరికిపోయాడు 😀

బుజ్జిగాడి_అన్న: సాయంత్రం నాన్నతో కూర్చుని మాట్లాడాను. చెట్టు ఉంటుంది, చుట్టూ జాలీ కడదాం అన్నారు. రాలిన ఆకులు పొద్దున్నే పూలు కోసేటప్పుడు తనే ఏరతారట. మామిడి కింద నీడలో ఓ మూల ఇసుక పోయిస్తున్నాం, తవ్వుకోవాలంటే అక్కడ తవ్వుకుంటుంది. జాలీ ఎంత ఎత్తు ఉండాలి?

పెరటి_పెద్దాయన: ఎత్తు నాలుగడుగులు. అడుగు భాగం అర అడుగు లోతున పాతండి, లేకపోతే కింద నుంచి దూరుతుంది. కొమ్మలు జాలీ దాటి బయటికి రాకుండా కత్తిరించాలి. చేతికి గ్లౌజులు వేసుకోమనండి. నరికిన కొమ్మలు పొయ్యిలో పెట్టొద్దు, పొగ కూడా మంచిది కాదు.

చిట్టి_తల్లి: ఆముదం పిండి సంగతి మీరింకా చెప్పలేదు.