వేప్ మాడ్‌లో సెల్స్: యూఎస్‌బీ పోర్టుతోనే ఛార్జింగా, బయటి ఛార్జర్‌లోనా?

లెస్టర్_కుర్రాడు
యూకేలో ఉంటున్నా. 2025 జూన్ 1 నుంచి ఇక్కడ వాడి పారేసే వేప్‌ల అమ్మకం ఆపేశారు కదా, దాంతో ఛార్జింగ్ పెట్టుకునే రకానికి మారాను. నాది రెండు 18650 సెల్స్ (విడిగా తీసి పెట్టుకునే లిథియం బ్యాటరీలు) పట్టే మాడ్, అంటే పెట్టెలా ఉండే వేప్, కింద టైప్-సి పోర్టు ఉంది. ఇంట్లో నలుగురం. ఒకడు తన మాడ్‌కి లాప్‌టాప్ 65 వాట్ల ఛార్జర్ గుచ్చి హాయిగా పడుకుంటాడు. ఇంకొకడు టెన్షన్ పడి అర్ధరాత్రి లేచి పీకేస్తుంటాడు. కొన్న షాపులో అడిగితే "పోర్టు ఉన్నది సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌కి, సెల్స్ తీసి బయట ఛార్జ్ చేసుకో" అన్నారు. డబ్బాలో వచ్చిన కాగితంలో మాత్రం పోర్టుతో పెట్టుకోవచ్చనే ఉంది. ఎవరి మాట వినాలి? మానేయమనే సలహా అమ్మ రోజూ ఇస్తూనే ఉంది, అదొక్కటీ వదిలేసి చెప్పండి.

టంకం_మాస్టర్
ముందు ఆ 65 వాట్ల భయం సంగతి చూద్దాం. ఛార్జర్ మీద 65 అని రాసుంది కదా అని అదంతా దేంట్లో పడితే దాంట్లోకి తోసేయదు. టైప్-సి ఛార్జర్ మొదట ఇచ్చేది 5 వోల్టులే. 9, 15, 20 కావాలంటే అవతలి పరికరం పీడీ (పవర్ డెలివరీ) పద్ధతిలో, అంటే ఛార్జర్‌తో మాట్లాడుకుని, అడగాలి. వేప్ మాడ్స్ చాలావరకు అడగవు. ఇక కరెంట్ అంటారా, లోపలి చిప్ ఎంత లాగితే అంతే. చెరువు పెద్దదని చెంబులో ఎక్కువ నీళ్లు పట్టవు.

నిజానికి సి-టు-సి (రెండు వైపులా టైప్-సి ఉండే) కేబుల్‌తో అసలు ఛార్జే ఎక్కని వేప్‌లు బోలెడు. పోర్టు దగ్గర రెండు 5.1 కిలో ఓముల రెసిస్టర్లు ఉంటేనే అవతల ఏదో తగిలించారని ఛార్జర్‌కి తెలుస్తుంది. ఖర్చు మిగుల్చుకోవడానికి కొందరు వాటిని ఎగ్గొడతారు. అలాంటివి పాత యూఎస్‌బీ-ఏ కేబుల్‌తోనే ఎక్కుతాయి. మీది ఓసారి సి-టు-సితో పెట్టి చూడండి. ఎక్కకపోతే పేలిపోతుందని కాదు. కానీ రెండు రెసిస్టర్ల దగ్గర కక్కుర్తి పడ్డవాడు లోపల ఇంకెక్కడెక్కడ పడ్డాడో! బోర్డు మంచిదైతే పోర్టుతోనే పెట్టుకోండి, ఏం కాదు.

డల్లాస్_బావ
మాస్టారూ, ఛార్జర్ గురించి మీరన్నది ఒప్పుకుంటా. గొడవంతా మాడ్ లోపలే. రెండు సెల్స్ సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి) ఉంటే నిండేసరికి 8.4 వోల్టులు కావాలి, యూఎస్‌బీ ఇచ్చేది 5. కాబట్టి లోపల వోల్టేజి పెంచే బూస్ట్ సర్క్యూట్ ఉండాలి. అది పనిచేసేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడి సెల్స్ పక్కనే. పైగా ఏ రెండు సెల్సూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఒకటి వెనకబడి 4.10 దగ్గరే ఉందనుకోండి. ఏ సెల్‌కి ఆ సెల్ విడిగా కొలిచే ఏర్పాటు బోర్డులో లేకపోతే, మొత్తం 8.4 అయ్యేదాకా తోస్తూనే ఉంటుంది. అంటే రెండోది 4.30కి పోయినట్టు. కంపెనీ వాళ్లు ఇచ్చే హద్దు 4.20, అటూఇటూగా 0.05.

బయటి ఛార్జర్‌లో ఏ గదికి ఆ గది వేరు. వోల్టేజి కళ్లముందే కనపడుతుంది. కరెంట్ మనమే ఎంచుకోవచ్చు. శాంసంగ్ 25ఆర్ సెల్‌కి మామూలు ఛార్జింగ్ 1.25 ఆంపులని కంపెనీయే చెప్పింది. ఒక ఆంపులో పెడితే సుమారు మూడు గంటలు పడుతుంది, పట్టనివ్వండి.

టంకం_మాస్టర్
మంచి మాడ్స్‌లో బ్యాలెన్స్ ఛార్జింగ్, అంటే ఏ సెల్‌కి ఆ సెల్ చూసుకుని సమంగా నింపే ఏర్పాటు, ఉంటుంది బావా. సరే, మీ పద్ధతిలో ఉన్న తంటా కూడా చెప్పుకుందాం. 18650 సెల్‌ని చేతిలోకి తీసుకుని పైభాగం దగ్గరగా చూడండి. నడుమ ప్లస్ బొడిపె, దాని చుట్టూ చిన్న రింగు, ఆ తర్వాత ప్లాస్టిక్ తొడుగు అంచు. లోపలి ఇనుప డబ్బా మొత్తం మైనస్సే, పైన భుజం ఒంపు తిరిగేదాకా. అంటే ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య అడ్డం ఆ రింగూ, ఆ పల్చటి తొడుగూ మాత్రమే. రోజూ సెల్స్ తీసి, పెట్టి, మళ్లీ తీస్తుంటే చిట్లేది సరిగ్గా అక్కడే. మాడ్‌లోనే ఉంచి పోర్టుతో పెట్టుకునేవాడి సెల్‌కి ఈ రాపిడే లేదు.

అమెరికా ఫైర్ అడ్మినిస్ట్రేషన్ వాళ్లు 2017లో ఒక నివేదిక ఇచ్చారు. 2009 నుంచి 2016 దాకా అక్కడ ఈ-సిగరెట్లు పేలిన, అంటుకున్న ఘటనలు 195 దొరికాయి. వాటిలో ఛార్జింగ్‌లో ఉండగా జరిగినవి 48. వాడుతుండగా 60. జేబులో 61! ఆ 61లో జేబులో వేసుకున్న విడి సెల్స్ కూడా ఉన్నాయి. విడి సెల్స్ జేబులో వేసుకు తిరిగేది ఎవరు? బయటి ఛార్జర్ బ్యాచే.

డల్లాస్_బావ
అది ఛార్జర్ తప్పు కాదు, సెల్ డబ్బా కొనకుండా తాళాలతో కలిపి జేబులో వేసుకున్నవాడి తప్పు. తొడుగు చిట్లితే కొత్తది తొడగొచ్చు, హెయిర్ డ్రయర్ గాలి చాలు. ఇంకో మాట. జేబులో పేలితే ఒక్కడికి కాలుతుంది. రాత్రి రెండింటికి ఛార్జింగ్‌లో అంటుకుంటే ఇంట్లో నలుగురికీ ముప్పే. ఆ 48నీ 61నీ పక్కపక్కన పెట్టి ఇది చిన్నది, అది పెద్దది అంటే ఎలా?

న్యూజెర్సీ_అక్క
అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ మాట ఎవరూ ఎత్తరేం? దాంతోపాటు వచ్చిన ఛార్జరే వాడాలి, ఫోన్, టాబ్లెట్ ఛార్జర్లతో పెట్టొద్దు, రాత్రంతా వదిలేయొద్దు అని వాళ్లు స్పష్టంగా చెప్పారు. మీరేమో 65 వాట్లదైనా పర్లేదంటున్నారు.

టంకం_మాస్టర్
అక్కా, డబ్బాలో చాలావాటికి వచ్చేది కేబుల్ ముక్క ఒక్కటే. ఛార్జర్ ఏది? ఆ సలహా పాత వేప్ పెన్నులకి (సన్నగా పెన్నులా ఉండేవి) బాగా సరిపోతుంది. స్క్రూలా బిగించే కేబుల్ వచ్చేది చూడండి, వాటిలో కొన్నిటికి ఛార్జింగ్ సర్క్యూట్ కేబుల్ తలలోనే ఉండేది. ఒకదాని కేబుల్ ఇంకోదానికి బిగిస్తే నిజంగానే ప్రమాదం. టైప్-సికి ఆ లెక్క వేరు. అందరికీ కలిపి రాసిన సలహా అది.

న్యూజెర్సీ_అక్క
అందరికీ కలిపి రాయక ఇంకెలా రాస్తారు తమ్ముడూ? కొనేవాళ్లలో ఎంతమందికి పీడీ అంటే తెలుసు? బావగారికి కూడా ఒక మాట. విడి 18650 సెల్స్ అసలు వాడొద్దని అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ సీపీఎస్‌సీ 2021లో హెచ్చరించింది. మీ ఇద్దరి పద్ధతులూ వాళ్లకి నచ్చినవేం కాదు.

కోఠి_రిపేర్లు
హైదరాబాద్ నుంచి. నేను వేప్ ముట్టను, టార్చిలైట్లు, బ్లూటూత్ స్పీకర్లు రిపేర్ చేస్తుంటా. వాటిలోనూ ఈ 18650లే. మీరు పోర్టు గురించి కొట్టుకుంటున్నారు గానీ సెల్ అసలుదో కాదో ఎవరూ అడగలేదు. 9900 ఎంఏహెచ్ (సెల్‌లో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే లెక్క) అని రాసినవి చూస్తుంటా. ఈ సైజులో పేరున్న కంపెనీల సెల్స్ 3500 ప్రాంతంలోనే ఆగాయి. అనుమానం వస్తే తూకం వేయండి. అసలుది 45 గ్రాములకి అటూఇటూ ఉంటుంది. చేతికే తేలిగ్గా తెలిసిపోతోందంటే దాన్ని ఏ ఛార్జర్‌లోనూ పెట్టకండి.

ఒక సెల్ పెన్నుల గురించి కూడా చెప్తా. ఇక్కడ కోఠి గుజరాతీ గల్లీలో ఎక్కడ అడిగినా ఇచ్చే టీపీ4056 ఛార్జింగ్ బోర్డు చూశారుగా, అలాంటి లీనియర్ చిప్పులే చౌక రకాల్లో ఎక్కువ. వచ్చే 5 వోల్టులకీ సెల్ వోల్టేజికీ మధ్య తేడా మొత్తం వేడిగా పోతుంది. సెల్ 3 వోల్టుల దగ్గరుండి ఒక ఆంపు పారితే 2 వాట్లు, అంత చిన్న చిప్పుకి అది చాలా ఎక్కువ. అందుకే మొదట్లో పెన్ను వెచ్చబడుతుంది, సెల్ నిండేకొద్దీ చల్లబడాలి. ఆఖర్లో కూడా వేడిగానే ఉంటే ఆ వేడి చిప్పుది కాకపోవచ్చు, సెల్‌దే కావచ్చు. వెంటనే కేబుల్ పీకేయండి, మళ్లీ పెట్టకండి.

మోడరేటర్
చర్చ బాగుంది, కొనసాగించండి. ఒక గమనిక: ఇండియాలో 2019 చట్టం ప్రకారం ఈ-సిగరెట్ల తయారీ, అమ్మకం, దిగుమతి, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధం. ఎక్కడ దొరుకుతాయని అడిగే పోస్టులు తీసేస్తాం. సెలవులకి వచ్చేవాళ్లు బ్యాగులో తెచ్చుకోవద్దు.

లెస్టర్_కుర్రాడు
అందరికీ థాంక్స్. సి-టు-సితో ఎక్కింది. తొడుగులు చూస్తే ఒక సెల్‌కి సరిగ్గా మాస్టారు చెప్పిన చోటే చీలిక ఉంది. దాని జత సెల్‌తో సహా పక్కన పెట్టేశా, కొత్త జత ఆర్డర్ చేశా. రెండు గదుల బయటి ఛార్జర్ కూడా తీసుకుంటున్నా. దాన్ని ఎక్కడ పెట్టాలి? మెట్ల కింద ప్లగ్ ఖాళీగా ఉంది.

డల్లాస్_బావ
మెట్ల కింద వద్దు తమ్ముడూ. అంటుకుంటే మీరు పారిపోవాల్సిన దారే అది. వంటింట్లో గట్టు మీద, చుట్టుపక్కల కాగితాలూ టవళ్లూ లేకుండా, మీరు మెలకువగా ఉన్నప్పుడు పెట్టు. చలికాలంలో కారులో వదిలేసిన సెల్స్‌ని తేగానే పెట్టకు. సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేస్తే లోపల లిథియం లోహంలా పేరుకుంటుంది, ఆ దెబ్బ మళ్లీ కోలుకోదు. గది వేడికి వచ్చాకే పెట్టు.

టంకం_మాస్టర్
వంటింటి గట్టు మాటకి నా ఓటు. పోర్టు విషయంలో మాత్రం నా మాట నాదే. ఆర్నెల్లు రోజూ తీసి పెట్టాక ఆ కొత్త జత తొడుగుల ఫొటో ఇక్కడ పెట్టు, అప్పుడు మాట్లాడుకుందాం బావా.