మాక్ డ్రిల్‌లో వినపడని పిల్లోడు క్లాసులోనే ఉండిపోయాడు, మీ స్కూళ్ళలో ఎట్టా చేస్తున్నారు?

నెల్లూరు జిల్లా, సముద్రం పక్క మండలం మాది, హైస్కూల్లో సైన్స్ చెప్తా. పోయిన వారం విపత్తు వస్తే ఎట్టా బయటపడాలో డ్రిల్ పెట్టాం, లాంగ్ బెల్ కొట్టంగానే పిలకాయలంతా గ్రౌండ్‌లోకి వచ్చేశారు, హెచ్ఎం గారు శెభాష్ అన్నారు, తీరా అటెండెన్స్ పిలిస్తే ఎనిమిదో క్లాసులో ఒకడు తక్కువ. మేడెక్కి చూస్తే వాడు ముందు బెంచీలో తలొంచుకుని బోర్డు మీది గుండె బొమ్మ దించుకుంటా ఉన్నాడు. వెనక అంతా లేచిపోయింది చూడనేలేదు. నన్ను చూసి నవ్వి బొమ్మ చూపించాడు. నాకు నోట మాట రాలా. ఆరో క్లాసులో నడవలేని పాప కూడా ఉంది, ఆమెని ఎత్తుకొచ్చే ఆయమ్మ ఆరోజు సెలవు. ఏం చెయ్యాలి చెప్పండబ్బా.

జవాబు 1
నేను భవిత సెంటర్లో ఐఈఆర్‌పీని సార్, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి చెప్పే టీచర్ని. లైటు ఆర్పి వెలిగించమని అందరూ చెప్తారు గానీ తుఫాను రోజు కరెంటే ఉండదు కదా. వాడికి జోడీ పెట్టండి, భుజం తట్టి బయటికి అని సైగ చెయ్యాలి. ఇద్దర్ని పెట్టండి, ఒకడు రాకపోయినా ఇంకొకడు ఉంటాడు. ముందు ఆ క్లాసుని మేడ మీద నుంచి కిందికి దించండి, రూపాయి ఖర్చు లేదు.

జవాబు 2
మాది ప్రకాశం జిల్లా ముండ్లమూరు దగ్గర. 2024 డిసెంబర్‌లో భూమి కదిలినప్పుడు అందరూ బయటికి పరుగే. ఊగేటప్పుడు పరిగెత్తకూడదు, బెంచీ కింద దూరి తల కాపాడుకోవాలి, ఊగడం ఆగాకే బయటికి. వీల్‌చైర్ పాపైతే బ్రేకులేసి ముందుకి వంగి, బ్యాగుతో తల, మెడ కప్పుకోవాలి. మీరు నేర్పేది ఒక్క లాంగ్ బెల్లేనా?

జవాబు 3
మా పాపకి సెరెబ్రల్ పాల్సీ, మెదడులో లోపం వల్ల కాళ్ళూ చేతులూ మాట వినవు. ఒక మాట సార్, ఎత్తేముందు ఆ పాపనే అడగండి ఎట్టా పట్టుకోవాలో. మా పాపని చంకల్లో చేతులేసి గబుక్కున లేపితే కాళ్ళు కొయ్యల్లా బిగుసుకుంటాయి, మెల్లగా మోకాళ్ళు వంచి ఎత్తితే ఏం కాదు. ఇది డ్రిల్‌లో తెలియాలి గానీ నీళ్ళొచ్చినప్పుడు కాదు. ఫిట్స్ మాత్రలు రెండు రోజులకి సరిపడా బ్యాగులో పెట్టి, మా నంబరు చీటీ దాంట్లోనే పెడతాం. ఇంకోటి, మా స్కూల్ ర్యాంపు మీద టీచర్ల బండ్లు పెడతారు, ఎన్నిసార్లు చెప్పినా అంతే!

జవాబు 4
ఇదంతా ఫొటోల కోసం అన్నా. తుఫాను అంటే ముందే సెలవిస్తారుగా, స్కూల్లో ఎవరుంటారు?

జవాబు 1 మళ్ళీ
సెలవిచ్చాకేగా అదే స్కూల్ పునరావాస కేంద్రం అయ్యేది. 1989లో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను గురించి మీ ఇంట్లో పెద్దోళ్ళని అడగండి. ఆ పాప అర్ధరాత్రి వాళ్ళమ్మతో అక్కడికే వస్తది, అప్పుడు బాత్రూమ్‌కి రెండు మెట్లుంటే? విపత్తుల్లో వీళ్ళకి సమానంగా రక్షణ ఇవ్వాలని 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 8వ సెక్షనే ఉంది.

అడిగినవాడు
థ్యాంక్సండీ. క్లాసు కిందికి మార్చడానికి హెచ్ఎం గారు ఒప్పుకున్నారు. జోడీ ఎవరు కావాలని వాడినే అడిగితే ఇద్దర్ని చూపించాడు, ఇద్దరూ క్లాసులో అల్లరికి ఫస్టు. వాళ్ళనే పెట్టమంటారా?